ఏటిగట్టు పక్క పాత బంగ్లా: వరద తీశాక మ్యూజియం మళ్లీ తెరవాలంటే

నీళ్లు తీశాయి కదా అని తలుపులన్నీ బార్లా తీసేసి, సామానంతా వాకిట్లోకి లాగి ఎండలో పెట్టేయకండి. అన్నిటికంటే ముందు ఇది చెబుతున్నానంటే మేం చేసిన పని అదే. 2022 జూలై వరదలో మా ఊరి బంగ్లాలో అయిదు రోజులు మూడున్నర అడుగుల నీళ్లు నిలిచాయి. ఆ అయిదు రోజుల్లో గోదారి పాడు చేసినవాటికంటే, తర్వాతి వారంలో మేం చేతులారా పాడు చేసుకున్నవే ఎక్కువ. రోజ్‌వుడ్ పందిరి మంచం ఒకటి ఉండేది, తలవైపు పలక మీద సన్నటి చెక్క పొరతో నెమళ్లు అతికించిన మంచం. వరద తీయగానే ఫెళ్లున ఎండ కాసింది, అదృష్టం అనుకుని ఎనిమిది మందిమి మోసుకొచ్చి వాకిట్లో పెట్టాం. సాయంత్రానికి చక్కగా ఆరినట్టే కనిపించింది. మర్నాడు రాత్రి టప్‌మని చప్పుడైతే కొబ్బరికాయ రాలిందనుకున్నాం. పొద్దున్న చూస్తే పలక నిలువునా చీలింది, నెమళ్ల పొర అప్పడంలా ముడుచుకుని లేచిపోయింది. నానిన చెక్క పైన ఎండిపోయి లోపల తడిగానే ఉంటే అంతే, పైభాగం బిగుసుకుంటుంది, లోపలిది రానివ్వదు, మధ్యలో చీలిపోతుంది.

మా బంగ్లా గురించి రెండు ముక్కలు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలొచ్చాయి, వాటి వెనకాలే వరి, వరి వెనకాలే డబ్బు. ఆ డబ్బుతో విక్టోరియా రాణి కాలంలో, అంటే 1901 లోపు, కట్టిన ఇళ్లు డెల్టాలో ఇప్పటికీ అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. మాదీ అలాంటిదే. ముందు వైపు దొరల బంగ్లా, గుండ్రటి స్తంభాల వరండా, రంగుటద్దాల కిటికీలు. వెనక్కి వెళితే అచ్చంగా మన మండువా లోగిలి. గానుగ సున్నం గోడలు, బర్మా టేకు దూలాలు, మంగుళూరు పెంకులు. వారసులు ఊరికి వదిలేస్తే నలుగురం కలిసి చిన్న మ్యూజియంలా నడుపుతున్నాం. ఏటిగట్టుకు నది వైపు ఉండిపోవడమే దానికున్న ఒకే ఒక్క లోపం. మీ ఇల్లు అచ్చం ఇలాగే ఉండక్కర్లేదు, సున్నం గోడలు, పాత కలప, పాత కాయితాలు ఉన్న ఏ ఇంటికైనా ఈ పద్ధతే పనికొస్తుంది.

లోపలికి అడుగు పెట్టే ముందు

కరెంటు. స్తంభం దగ్గరే లైను తీయించాలి, ఇంట్లో మెయిన్ ఆపేస్తే చాలదు. మునిగిన స్విచ్ బోర్డు పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల ఒండ్రు కూరుకుని ఉంటుంది, ఓసారి వేసి చూద్దామని ఎవరైనా అంటే వాళ్లను గేటు బయట కూర్చోబెట్టండి. మునిగిన వైరింగు మొత్తం మార్చాల్సిందే, దీన్లో బేరాలు లేవు.

తర్వాత పాములు. వరదలో మనకంటే ముందు మెరక వెతుక్కునేవి అవే. పెంకుల కింద, బీరువాల వెనక, మడిచిపెట్టిన తివాచీల్లో చూడండి. మాకైతే హార్మోనియం పెట్టెలో కట్లపాము కనిపించింది, అప్పటికి ఆ పెట్టెను ఇద్దరు చేతుల్తో ఎత్తి పక్కన పెట్టారు కూడా. గంబూట్లు, దళసరి గ్లవ్స్, ఓ పొడుగాటి కర్ర. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ముందు వేయించుకుని రండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, కాళ్ల మీద పుండ్లు, గాట్లు ఉన్నవాళ్లను బురదలోకి దించకండి.

గోడలు ఉబ్బాయా, కొత్త పగుళ్లు వచ్చాయా, దూలం గోడలో కూర్చున్న చోట మెతకబడిందా అని బయటి నుంచే ఓ చుట్టు చూసుకోండి. అనుమానంగా ఉంటే సరుగుడు బాదులతో ఊతం పెట్టించి అప్పుడే లోపలికి వెళ్లండి.

ఇంకొకటి, ఇది మేం చేయలేదు. ఏదీ ముట్టుకోకముందే ఫోటోలు తీయండి. ప్రతి గది నాలుగు మూలల నుంచి, నీటి మరక పక్కన కొలత టేపు పెట్టి, ఏ వస్తువు ఎక్కడికి తేలి వెళ్లి పడిందో అలాగే తీయాలి. మేం ముందు కడిగేసి తర్వాత ఫోటోలు తీశాం. నష్టం రాయించుకోవడానికి వెళితే ఒక ఆఫీసులో ఫోటోలు చూసి, "అంతా శుభ్రంగానే ఉందిగదండీ" అన్నారు. ఏం చెబుతాం. వస్తువులకు కట్టే చీటీలు కూడా పెన్సిల్‌తోనే రాయండి, బాల్ పెన్నుతో రాసిన మా చీటీలు రెండో రోజుకే నీలం మరకలయ్యాయి.

బురద

గోదారి ఒండ్రు తడిగా ఉన్నప్పుడు వెన్నలా వస్తుంది, ఎండితే రాయి. కాబట్టి దీనికి మాత్రం తొందర పడాల్సిందే. నేల మీద బురదను పారతో కాకుండా చెక్క పలకతో లాగండి, పార అంచు గచ్చును గీకేస్తుంది. నీళ్లు బోరువో కుళాయివో వాడండి, సన్నగా వదలండి. ఊళ్లో ఎవరో మంచి మనసుతో చెరువు తోడే ఇంజను తెస్తామంటారు, ఆ ధారకు సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడుతుంది, వద్దని దండం పెట్టేయండి.

తీసిన బురదను నేరుగా పొలంలో పారబోయకండి. ఇది మాకు రెండో రోజు తట్టింది, మొదటి రోజు బురద అప్పటికే వెళ్లిపోయింది. గదికో కుప్పగా పోసి, ఇసుక జల్లెడ మీద కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ చూడండి. మాకు ఒక్క ముందు గది బురదలోనే సొరుగుల ఇత్తడి పిడులు, కిటికీ రంగుటద్దం ముక్కలు పదకొండు, గడియారం చిన్న ముల్లు, బీరువా మీద ఊడిన చెక్క పొర ముక్కలు గుప్పెడు దొరికాయి. తర్వాత వడ్రంగి ఆ పొర ముక్కలు చూసి సంబరపడ్డాడు. అలాంటి చెక్క ఇప్పుడు కొందామన్నా దొరకదు, దొరికినా రంగు కలవదు.

బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇక్కడే చెప్పాలి. వరద తీసిన మర్నాడు పంచాయతీ వాళ్లు బకెట్లతో వస్తారు, వీధులకు, బావులకు అది కావాలి, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. బంగ్లా లోపల మాత్రం చల్లనివ్వకండి. ఆ క్లోరిన్ ఇత్తడిని, ఇనుమును తినేస్తుంది, బట్టల రంగు లాగేస్తుంది, గోడల్లో ఉప్పు మిగిలిపోయి తర్వాత పొంగుతుంది. గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, మరుగుదొడ్ల వైపు, బయట కాలువకు చల్లించుకుని మర్యాదగా పంపేయండి. బావికి వేయించండి.

రెండు రోజుల్లో ఏది ముందు

తడి వస్తువు మీద బూజు పట్టడానికి 24 నుంచి 48 గంటలు చాలు. మన డెల్టాలో శ్రావణమాసపు ఉక్కలో ఇంకా ముందే మొదలవుతుంది. అందుకని చేతులు ఎన్ని ఉన్నా కాయితాలు, ఫోటోలు, బట్టలు ముందు. వాటి తర్వాత చెక్క సామాను, తోలు. ఇనుము కూడా ఆగదు, కడిగి, తుడిచి, వెంటనే ఆరబెట్టకపోతే మర్నాటికే తుప్పు. పింగాణీ, గాజు, రాతి సామాను చివర్న, అవి ఓ పక్క టబ్బులో కూర్చుని పది రోజులు ఎదురు చూసినా ఏమీ కాదు. మేం దీన్ని సరిగ్గా తిరగేసి చేశాం. మెరిసే పింగాణీ ప్లేట్లు కళ్లకు కనబడ్డాయి, అందరం కూర్చుని వాటిని తోమాం, ఆ మధ్యాహ్నమంతా వెనక గదిలో దస్తావేజుల భోషాణం అలా నానుతూనే ఉంది.

పుస్తకాలు, కాయితాలు కొద్దిగా ఉంటే నీడలో ఆరబెట్టుకోవచ్చు. పుస్తకాన్ని నిలబెట్టి, విసనకర్రలా కాస్త విప్పి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గోడ వైపు తిప్పి పెట్టాలి. ఇరవై ముప్పై పేజీలకొక బ్లాటింగ్ కాయితం, అది తడిసినప్పుడల్లా మార్చాలి. అచ్చు వేసిన న్యూస్‌పేపరు పెడితే ఆ వార్తలు మీ దస్తావేజు మీదకు ఎక్కుతాయి. పాత ప్రెస్సులో తెల్ల న్యూస్‌ప్రింట్ అడిగితే ఇస్తారు.

రెండు వందలో మూడు వందలో పుస్తకాలుంటే ఈ పద్ధతి సాగదు. అప్పుడు గడ్డకట్టించాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఆలోచించండి, మైనస్ 18 డిగ్రీలకో అంతకంటే కిందికో వెళితే బూజు పెరగడం ఆగిపోతుంది, సిరా ఇంకా పాకడం ఆగిపోతుంది, మీకు నెలల తరబడి టైము దొరుకుతుంది. ఆ తర్వాత వారానికి రెండు మూడు పుస్తకాలు తీసి నెమ్మదిగా ఆరబెట్టుకోవచ్చు. రొయ్యలు పండే మన ప్రాంతంలో ఫ్రీజర్లకు కరువా! మేం ముందు ఓ రొయ్యల ఫ్యాక్టరీకే వెళ్లాం. ఎగుమతి సరుకు పక్కన వరద నీళ్లు తాగిన కాయితాలు పెట్టనిస్తారా, ఒప్పుకోలేదు, అది న్యాయమే. ఆఖరికి ఐస్‌క్రీమ్ హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన రెండు డీప్ ఫ్రిజ్‌లు ఖాళీ చేసి ఇచ్చారు, వానాకాలం కదా, బేరం తక్కువ. ముందే మీ దగ్గర్లో అలాంటి మనిషిని మాట్లాడి పెట్టుకోండి, జనరేటర్ ఉందో లేదో కూడా అడగండి. కూరగాయల కోల్డ్ స్టోరేజీ చాలదు, చల్లదనానికి బూజు నెమ్మదిస్తుందే కానీ ఆగదు.

సర్దడం ఇలా. పుస్తకాలను తెరవకండి, పిండకండి, మట్టి తోమకండి. ఒక్కో పుస్తకాన్ని బటర్ పేపరులో చుట్టి, కుట్టు వైపు కిందికి వచ్చేలా చిల్లుల ప్లాస్టిక్ ట్రేలో ఒక్క వరుసే పేర్చాలి. రొయ్యలు, చేపలు మోసే ట్రేలు దీనికి కొలత తీసి చేయించినట్టే ఉంటాయి, కడిగి వాడుకోండి. ప్రతి ట్రేకు నంబరు, ఆ నంబరు ఒక పుస్తకంలో. ఈ పుస్తకం మాత్రం బంగ్లాలో కాకుండా ఎవరింట్లోనైనా మేడ మీద ఉంచండి.

ఈ దశలో ఎవరో ఒకరు, పైనున్న మెట్ట మండలాల్లో పొగాకు బేరన్లు ఖాళీగా ఉన్నాయిగా, అందులో పెడితే ఒక్క రాత్రిలో ఎండిపోతాయి అంటారు. 1966 నవంబరులో ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లోరెన్స్ మునిగినప్పుడు అక్కడి వాళ్లూ వేల పుస్తకాలను పొగాకు ఆరబెట్టే కొట్లకు పంపారు, అప్పట్లో వేరే దారి తోచలేదు. ఆ వేడికి తోలు, చర్మపు కాయితం బిగుసుకుపోతాయి, అట్టలు వంకర్లు తిరుగుతాయి. పుస్తకాలను గడ్డకట్టించి, ఆ మంచును నీరు కాకుండానే ఆవిరిగా లాగేసే పద్ధతి తర్వాతి కాలంలో బాగా వాడుకలోకి వచ్చింది. కాబట్టి బేరన్ మాట ఎత్తిన పెద్దాయనకు టీ ఇప్పించి మాట మార్చేయండి.

ఫోటోలు. విక్టోరియా కాలం ఫోటోలు చాలావరకు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాయితం మీద వేసినవి. తడిస్తే ఆ పొర జిగురవుతుంది. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫోటోను ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకండి. ఫ్రేము వెనక చెక్క మాత్రం జాగ్రత్తగా తీసి, అద్దం కిందికి ఉండేలా బల్ల మీద పెట్టి, వెనక నుంచి నెమ్మదిగా ఆరనివ్వండి. అద్దంతో సహా మంచి స్కాన్ తీయించుకోండి. విడదీయడం తెలిసినవాళ్ల పని. ఇంటి యజమాని దంపతులు కుర్చీల్లో కూర్చున్న ఫోటో ఒకటి మా దగ్గర ఉండేది, నేనే లాగాను, ఇప్పుడు కాయితం మీద రెండు కుర్చీలున్నాయి, మనుషులు అద్దం మీద ఉన్నారు. గాజు నెగెటివులు దొరికితే నీళ్లలో ముంచకండి, కొన్నిటి మీద పొర ఒక్క క్షణంలో జారిపోతుంది.

పట్టు చీరలు, జరీ, లేసు తెరలు నానినప్పుడు వాటి బరువే వాటిని చింపేస్తుంది. చేత్తో పట్టుకుని ఎత్తొద్దు. రొయ్యల చెరువుకు పక్షులు రాకుండా కట్టే నైలాన్ వల శుభ్రమైన ముక్క ఒకటి వాటి కిందికి తోసి, నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని ఎత్తండి, అలాగే మంచి నీళ్లలో ముంచి తీసి, అలాగే పరచండి. రంగు దిగే వాటిని విడిగా పెట్టండి, ఎర్ర అంచు ఉన్నదేదైనా దిగుతుందనే అనుకోండి. తాళపత్రాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే కట్ట విప్పకుండా వదిలేయండి, విడిగా వస్తుంటే నీడలో బ్లాటింగ్ కాయితాల మధ్య ఆరబెట్టండి.

తెలిసినవాళ్లు అంటున్నాను కదా. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ లేబొరేటరీ ఉంది, లక్నోలో ఇలాంటి పనికోసమే 1976లో పెట్టిన జాతీయ పరిశోధనాలయం ఉంది, పాత కట్టడాలు, కళాఖండాలు కాపాడటానికి 1984లో మొదలైన ఇంటాక్ సంస్థకు సంరక్షణ కేంద్రాలున్నాయి, రాష్ట్ర పురావస్తు శాఖ ఉండనే ఉంది. ఫోను చేసి ఏం చేయాలని కాదు, ఏం చేయకూడదని అడగండి, అది చెప్పడానికి వాళ్లు మీ ఊరు రానక్కర్లేదు.

చెక్క సామాను

మంచం కథ చెప్పాను. సరైన పద్ధతి చూడటానికి విసుగ్గా ఉంటుంది. శుభ్రమైన నీళ్లలో పిండిన గుడ్డతో మట్టి తుడవాలి, ఇటుకల మీద ఎత్తి పెట్టాలి, చుట్టూ గాలి ఆడాలి కానీ ఎండ తగలకూడదు. ఇలా వారాలు, దళసరి చెక్కకు నెలలు. ఉబ్బిన సొరుగులను లాగితే ముందు పలక చేతికొస్తుంది, వెనక చెక్క తీసి అటు నుంచి గాలి ఆడనివ్వండి. చెక్క పొర లేచిన చోట బటర్ పేపరు పెట్టి, దాని మీద ఇసుక సంచి బరువు. పాలిష్ తెల్లగా పొగమంచులా మారితే కంగారు పడకండి, గీకొద్దు, చెక్క ఆరాక పాలిష్ చేసేవాళ్లు చాలావరకు తేగలరు.

పరుపు కుర్చీల్లో గుర్రపు వెంట్రుకలో కొబ్బరి పీచో కూరి ఉంటుంది, అది నీళ్లు తాగి వదలదు. విప్పి తీసేయాలి, కానీ పైగుడ్డ, మేకులు, కూరిన పీచు కొంచెం కవరులో వేసి చీటీ రాసి పెట్టుకోండి, మళ్లీ చేయించేటప్పుడు అదే కొలబద్ద. పాత నిలువుటద్దాల వెనక పూత తుడవొద్దు. గోడ గడియారానికి కీ ఇవ్వొద్దు, లోపల ఇసుక పళ్లను నమిలేస్తుంది.

పాత ఇళ్లలో ఇంకో గొడవ ఉంది, మనవాళ్లు దాన్ని పట్టించుకోరు. పందొమ్మిదో శతాబ్దంలో మిలమిలలాడే ఆకుపచ్చ రంగు చాలావాటిలో ఆర్సెనిక్ ఉండేది, గోడ కాయితాల్లో, పుస్తకాల అట్టల్లో, గుడ్డల్లో. గోడకు వేలాడే జింక తలకాయలకు పురుగు పట్టకుండా పూసింది కూడా చాలాసార్లు అదే విషం. తలుపుల పాత రంగుల్లో సీసం. తడిసి పెచ్చులుగా రాలుతున్నప్పుడు ఇవన్నీ దుమ్మై లేస్తాయి. ఎన్95 మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి, ఉప్పుకాయితం పెట్టి రుద్దొద్దు, పిల్లల్ని ఆ గదుల్లోకి రానివ్వొద్దు. జింక తలకాయల విషయంలో 1972 వన్యప్రాణి చట్టం కింద ఉండాల్సిన యాజమాన్య పత్రం కూడా ఉందో లేదో ఈ సందట్లోనే చూసుకోండి, తడిసిపోయి ఉంటే అటవీ శాఖకు చెప్పి ఉంచండి.

బూజు కనబడితే పొడిగుడ్డతో దులపకండి, కంటికి కనపడని బూజు గింజలు ఇల్లంతా ఎగురుతాయి. ఆ వస్తువును విడిగా వేరే గదికి మార్చి, పైకి బాగా ఆరాక, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో గాలివాటుకు తుడవాలి. గాజు, లోహం లాంటి గట్టి వాటిని 70 శాతం స్పిరిట్‌తో తుడవొచ్చు, పాలిష్ ఉన్న చెక్కను మాత్రం వద్దు, పాలిష్ కరిగిపోతుంది.

గోడలు ఆరాలి

మ్యూజియం తెరిచే తేదీని నిర్ణయించేది గోడే. మా మేస్త్రీ వారం రోజులు చూసి, "ఎన్నాళ్లని చూత్తామండీ, సిమెంటు కొట్టేసి రంగేసేత్తే సరిపోద్ది, సంక్రాంతికి తెరిచేసుకోవచ్చు" అన్నాడు. వెనక రెండు గదులకు సరే అన్నాం. ఆ రెండు గదులే ఇప్పటికీ మా తలనొప్పి. సున్నం గోడ గాలి పీల్చి వదులుతుంది, లోపలి చెమ్మ నెమ్మదిగా బయటికొచ్చి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది, అది పైకి పాకుతుంది. మూడున్నర అడుగుల దగ్గరున్న మరక ఏడాదికి ఆరడుగులకు ఎక్కింది, దూలం చివర కూర్చున్న చోటు అక్కడికి ఎంతో దూరం లేదు. ఈలోగా సిమెంటు అంచు పైన ఉప్పు పత్తిలా పూసింది.

గోడ ఆరడానికి మోటు లెక్క, అంగుళం మందానికి నెల. మా గోడలు పద్దెనిమిది అంగుళాలు, రెండు వైపులా గాలి తగిలితే తొమ్మిది నెలలన్నమాట. ఉబ్బి డొల్ల చప్పుడు చేసే పూత మాత్రమే తీయండి, వేలి కణుపుతో కొడితే తెలిసిపోతుంది. గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. పూసే ఉప్పును ఎండుగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయాలి, నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే వెళుతుంది. ఆరాక సున్నపు పూత, దాని మీద సున్నమే. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత మేస్త్రీ దొరికితే వదలకండి, అడిగినంత కూలి ఇవ్వండి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగుల జోలికి ఎప్పటికీ వెళ్లొద్దు.

కిటికీలు పగలూ రాత్రీ తీసి ఉంచితే త్వరగా ఆరుతుందనుకుంటారు. కోనసీమ గాలిలో సాయంత్రమయ్యేసరికి తేమ లోపలికంటే బయటే ఎక్కువ. తేమ చూపించే చిన్న గడియారాలు రెండు కొని ఒకటి లోపల, ఒకటి వరండాలో పెట్టండి. బయట తక్కువ చూపించినప్పుడే తలుపులు తీయండి, మామూలుగా పదకొండు నుంచి మూడు దాకా. వాన పడితే మూసేయండి. గాలిలో తేమను లాగే డీహ్యూమిడిఫయర్ అద్దెకు దొరికితే కాయితాలున్న గదిలో పెట్టండి, ఇల్లంతటికీ పెట్టి గబగబా లాగితే చెక్క మళ్లీ చీలుతుంది. గోడకు గుచ్చి చూసే తేమ మీటరుంటే, అంకె ఎంతని కాకుండా, నీళ్లు తగలని పై గోడలో ఎంత ఉంది, మునిగిన కింది గోడలో ఎంత ఉంది అని పోల్చి చూడండి. రెండూ దగ్గరపడినప్పుడు ఆరినట్టు. ఆరే కాలంలోనే చెదలు దారి పట్టుకుంటాయి, గడపల దగ్గర, ద్వారబంధాల అడుగున నెలకోసారి టార్చి వేసి చూడండి.

తెరవడం

ఇల్లు మొత్తం ఒకేసారి తెరవాలనే పట్టుదల వదిలేయండి. సంక్రాంతికి ఊరి పిల్లలందరూ హైదరాబాద్ నుంచి వస్తారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చిన చుట్టాలను ఎక్కడికైనా తీసుకెళ్లాలి, అందరూ మీ మీదే పడతారు, టెన్షన్ పెడతారు. మేం ఆ ఏడు వరండా, ముందు గది మాత్రమే తెరిచాం. వరండాలో కుర్చీలు లేవు, ఫోటోలు లేవు, బురదలో దొరికిన పిడులు, రంగుటద్దం ముక్కలు ఒక బల్ల మీద పరిచాం. వచ్చినవాళ్లు బాగుపడిన గది కంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒక గదిని రెండు రోజులు మూసి ఉంచి, మూడో రోజు పొద్దున్నే తలుపు తీయండి, మగ్గిన వాసన వస్తే ఆ గది ఇంకా సిద్ధం కాలేదు. వాసన రాకుండా, లోపల తేమ రెండు వారాల పాటు 65, 70 శాతం దాటకుండా ఉంటేనే వస్తువులు వెనక్కి తేవాలి. కొత్త వైరింగును లైసెన్సున్న మనిషి చూసి సంతకం పెట్టాలి. చెక్క మిద్దె ఉంటే ఇంజనీరు చెప్పేదాకా పైకి ఎవరినీ పంపొద్దు.

గోడ మీద వరద మరకను ఒక చోట చెరపకుండా వదిలేసి పక్కన ఏడాది రాయండి. మా దాంట్లో 1986 ఆగస్టు మరక పెద్దవాళ్లు చెప్పిన చోట గీత గీశాం, 2022ది దాని కింద ఉంది. భద్రాచలం దగ్గర 1986లో నీటిమట్టం 75.6 అడుగులు, 2022లో 71.3. ఇప్పుడు మా నియమం ఒక్కటే, 1986 గీత కంటే కింద ఏ కాయితమూ ఉండదు. బరువు వస్తువులు కింద, కాయితాలు, ఫోటోలు పైన, అదీ ఒక్క మనిషి ఎత్తగలిగే పెట్టెల్లో.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టాన్ని బట్టి ఇచ్చే హెచ్చరికలకు మా పనులు ముడివేసి తలుపు వెనక అంటించాం. 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక: ట్రేలు, బరకాలు, బటర్ పేపరు బయటికి తీయాలి, ఐస్‌క్రీమ్ ఆయనకు ఫోను. 13.75, రెండోది: కింది గదుల్లో మోయగలిగినవన్నీ గట్టు దాటించి బడిలోకి చేర్చాలి, కరెంటు తీయించాలి. 17.75, మూడోది: మిగిలినవి మిగిలినట్టే వదిలేసి మనుషులు బయటికి రావాలి, 2022లో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వచ్చిన నీళ్ల ముందు ఎనిమిది మంది ఏమీ చేయలేరు.

తాళంచెవులు కూడా రెండు చేయించండి. 2022లో ఉన్న ఒక్కటీ ఏటికి అవతల పెళ్లికి వెళ్లిన మా కార్యదర్శి జేబులో ఉండిపోయింది, రేవులో పడవలు ఆపేశారు, రెండో హెచ్చరిక నుంచి మూడో హెచ్చరిక దాకా మేం వరండాలో నిలబడి తాళాన్ని చూస్తూ ఉన్నాం. ఇప్పుడు ఒకటి ఇవతల, ఒకటి అవతల.